లైట్ల వ్యాను అడ్డంగా ఎక్కిన స్పీడ్ బ్రేకర్

2023 జూన్. ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే పెద్ద రోడ్డు మీద, ఒక స్కూలు ముందు, తారు పోసిన స్పీడ్ బ్రేకర్. ట్రాఫిక్ ఇంజినీరుగా నా మొదటి సొంత కేసు అదే. కొత్త డాక్టర్లకి గుండెలు దొరుకుతాయి, నాకు బొడిపె దొరికింది.

దాని వల్ల పొద్దునపూట బండ్లు ఎక్కడో పైదాకా నిలిచిపోతున్నాయని ఫిర్యాదు. "మూడు రోజులు లెక్కపెట్టి, తీసెయ్యమని రిపోర్టు రాసెయ్," అన్నారు మా సార్. తీర్పు ముందే వచ్చేసింది, సాక్ష్యమే బాకీ. నేను కొలవాల్సింది క్యూ లెంగ్త్, అంటే ఆగిన బండ్ల వరుస పొడవు.

మొదటి రోజే స్కూలు ఆయా మేరమ్మగారు పట్టుకున్నారు. గోదావరి మనిషి. చేతిలో ఎర్రజెండా, వెనక యూనిఫారాల వరుస.

"తీసేస్తారంటగా బాబూ?"

"ఇంకా తేల్లేదండీ."

"తేల్చేముందు ఒక్కసారి మీరే ఈ పిల్లల్ని దాటించి చూడండి. ఇది లేనప్పుడు మా రెండో క్లాసు పిల్లకి కాలు విరిగిందండీ."

దాటించాను. బొడిపె ఉండగానే ఒక బైకు నా కాలి బొటనవేలిని పలకరించి పోయింది. ఆ తర్వాత నా నిష్పాక్షికత కొంచెం కుంటుతూ నడిచింది.

రెండో రోజు అసలు సంగతి కనపడింది. కార్లు, బస్సులు, ఆటోలు నెమ్మదించి దాటిపోతున్నాయి. షూటింగులకి పోయే లైట్ల వ్యాను వచ్చినప్పుడే రోడ్డు బిగుసుకుపోతోంది. డ్రైవరు బండిని పూర్తిగా ఆపి, అడ్డంగా తిప్పి, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించుతున్నాడు. అంతసేపూ రోడ్డుకి వ్యానే గేటు.

ఆ డ్రైవరు యాదగిరన్నని టీ బండి దగ్గర అడిగాను. "సీదా పోవచ్చు కదన్నా?"

"సీదా ఎక్కిస్తే బండి దుంకుతది తమ్మీ. లోపల అన్నీ బల్బులే. అవి పగిల్తే హీరో చీకట్ల ఏడ్వాలె."

"మెల్లగా పోతే?"

"గోడ లెక్క కట్టినంక ఏం మెల్లగ? జర వాలుగ కట్టుండ్రి, నేనెందుకు అడ్డం తిప్పుత?"

నాలుగేళ్ల ఇంజినీరింగులో ఎవరూ ఇంత క్లుప్తంగా పాఠం చెప్పలేదు. రిపోర్టులో టేబుల్ టాప్ కట్టాలని రాశాను. అంటే పైన బల్లలా చదును, రెండువైపులా పొడవాటి వాలు. పిల్లలు దాని మీదుగానే దాటొచ్చు.

"తీసెయ్యమంటే పెద్దది చేశావేంటయ్యా?" అన్నారు సార్. ఫోన్లో వ్యాను వీడియో చూపించాను. రెండుసార్లు చూసి సంతకం పెట్టారు.

కట్టాక చూడ్డానికి వెళ్లాను. యాదగిరన్న మేరమ్మగారి జెండాకి ఆగాడు. పిల్లలు దాటాక సూటిగా ఎక్కాడు, సూటిగా దిగాడు. వెనక ఒక్క హారన్ లేదు. నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డాను.

"కొంచెం జరగండి బాబూ, పిల్లలకి అడ్డం," అన్నారు మేరమ్మగారు.

ఇప్పుడు ఏ రోడ్డుకి పంపినా, ఎన్ని బండ్లు ఆగాయో రాసుకునే ముందు మొదటి బండి ఎందుకు ఆగిందో దాని డ్రైవర్ని అడుగుతాను. అటు వెళ్లినప్పుడల్లా, అవతల ఏ పనీ లేకపోయినా, ఆ టేబుల్ టాప్ మీద ఒకసారి దాటి వస్తాను. బొటనవేలు క్షేమం.