బావ పాటా, నా డిమినిష్డ్ కార్డూ

ఆ రోజుల్లో నాకు గిటార్ అంటే ప్రాణం అనుకునేవాణ్ణి గాని, నిజానికి నలుగురూ నా వైపు తిరిగి చూడటమంటే ప్రాణం. గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక కూర్చుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ నేర్చుకునేవాణ్ణి. అలా ఒక డిమినిష్డ్ స్లాష్ కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మోగే పట్టు) చేతికి చిక్కింది. రాసేటప్పుడు దాని మధ్యలో ఏటవాలు గీత ఉంటుంది. గీతకు ముందున్నది పైన మోగే కార్డు, తర్వాతది అడుగున మోగే స్వరం. సి షార్ప్ డిమినిష్డ్ సెవెన్త్ పట్టి అడుగున 'ఎ' (A) అనే తీగను మోగిస్తే, తుమ్ము వచ్చి ఆగిపోయినట్టుంటుంది. డి మైనర్ అనే కార్డులోకి దిగితేగాని ప్రాణం కుదుటపడదు. (మా అవ్వ విని, "ఏందిరా గిది, కుక్కరు విజిలు రాకుంట గురగురమన్నట్టుంది" అంది.)

సరిగ్గా అప్పుడే అక్క నిశ్చితార్థం. కాబోయే బావది గోలేటి. బాగా పాడతాడని వాళ్లవాళ్లు ఒకటే గొప్పలు. అక్క మాత్రం అతనితో ఇంకా నాలుగు మాటలు మాట్లాడింది లేదు, తలెత్తి చూసిందీ లేదు. ఫంక్షన్ హాల్లో అతనే పిలిచాడు: "బామ్మర్దీ, నువ్వు వాయించు, నేను పాడుత." నాలోని కోతికి ఇంకేం కావాలి! సరిగ్గా పల్లవి అందుకునే ముందు ఆ కార్డు వేసి, దిగకుండా అక్కడే నిలిపేశాను. బావ నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ముందు వరుసలోంచి అవ్వ అరిచింది: "జల్ది దింపురా వాన్ని! బాయిల దిగేటోన్ని నడిమిట్ల ఆపినట్టు గదేంది!" (గనిని మా దగ్గర బాయి అంటాం.)

బావ ఒక్క క్షణం నా వేళ్లకేసి చూసి, మైకు దగ్గరకు లాక్కున్నాడు. "ఎవ్వరు ఫికర్ చెయ్యకుండ్రి. మా బామ్మర్దికి గిదొక్కటే వచ్చు. మిగిలింది నేర్చుకోని పెండ్లిల వాయిస్తడు." హాలు గొల్లుమంది. ఆ నవ్వులకు నా బుర్ర ఖాళీ అయింది. డి మైనర్‌కు ఏ వేలు ఎక్కడ పెట్టాలో (నమ్మండి) నిజంగానే మరిచిపోయాను! చివరికి బావే జాలిపడి, నేను దిగాల్సిన స్వరాన్ని సన్నగా గొంతులో అందించాడు. దాన్ని పట్టుకుని ఎలాగో కిందికి చేరాను. అప్పుడు అక్క తలెత్తింది. పకపకా నవ్వుతూ, నన్ను కాదు, బావను చూసింది.

ఇప్పుడు అలాంటి కార్డులు చాలా వచ్చు, వాటి లెక్కా తెలుసు. కానీ వేళ్లకు బుద్ధొచ్చేసింది. అడగకముందే డి మైనర్‌కు దిగిపోతున్నాయి. ఒక్కోసారి ఎవరూ లేకుండా చూసి, దిగకుండా కాసేపు ఆపి చూస్తాను. ఆగలేను. అప్పటి నాలోని ఆ పోరడు ఎట్లా ఆపాడో!