బస్తా జొన్నలకు డబ్బీడు తుపాకి టోపీలు

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోందని పెద్దవాళ్లు చెబితే విన్నాం. మా ఊరికి మాత్రం అది పందుల రూపంలో వచ్చింది.

మా ఊరంటే మా అక్కను ఇచ్చిన ఊరు. డోనుకు ఎద్దులబండి మీద ఒక పూట దారి, ఎర్రమల కొండలను ఆనుకొని ఉంటుంది. అక్క వెనకే నేనూ వచ్చి పడ్డాను. బావకు అన్నదమ్ములు లేరు, నాకు అమ్మానాన్నలు లేరు, అలా ఇద్దరికీ సరిపోయింది. నా చదువు సంగతి అడక్కండి. మూడో తరగతిలో ఉండగా అయ్యవారి గొంతుతోనే అయ్యవారిని పిలిచాను. ఆయన బెత్తమూ నా వీపూ కాసేపు మాట్లాడుకున్నాక నేను బడి వైపు మళ్లీ పోలేదు. గొంతులు తీసే బుద్ధి మాత్రం పోలేదు. ఎద్దు, మేక, మునసబు దగ్గు, ఏది కావాలంటే అది తీసేవాణ్ని.

బావకు ఒక తుపాకి ఉండేది. వాళ్ల నాయన కాలంనాటి ఒంటిగొట్టం. ముందువైపు నుంచి మందు పోసి, పాతగుడ్డ కూరి, సీసపు గుండ్లు వేసి, కడ్డీతో దట్టించే రకం. పంట కాపలాకని సర్కారు లైసెన్సు ఇచ్చింది. అది పేలాలంటే ఇంకొకటి కావాలి. దాన్ని టోపీ అంటారు. నెత్తిన పెట్టుకునేది కాదు, చిటికెన వేలి గోరంత రాగి గిన్నె, లోపల పేలే పూత. గొట్టం వెనక చిన్న మొలక మీద దాన్ని తొడుగుతారు. మీట నొక్కితే తుపాకి సుత్తి దాని నెత్తిన పడుతుంది, నిప్పు పుట్టి లోపలి మందు అంటుకుంటుంది. టోపీ లేని తుపాకి రోకలిబండతో సమానం. రోకలిబండే నయం, దంచడానికైనా పనికొస్తుంది.

యుద్ధం ముదిరేకొద్దీ మొదట సీసం మాయమైంది. బావ దిగులుపడలేదు, పగిలిన ఇనుప మూకుడును ముక్కలు చేసి గుండ్ల బదులు వాడాడు. తరువాత మందు ప్రియమైంది. దాన్ని అక్క ఉప్పు వాడినట్టు పొదుపుగా వాడాడు. చివరికి టోపీలు పోయాయి. వాటికి మాత్రం మారు లేదు.

ఆ యేడు మాకున్నదంతా కొండకింది పచ్చజొన్న చేను. అంతకు ముందటేడు వాన మొహం చాటేసింది. ఊళ్లో అప్పటికే కొన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయి, ఆ ఇళ్లవాళ్లు రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోయారు. ఈ చేను ఇంటికొస్తే మేము తింటాం. రాకపోతే ఎద్దులను అమ్ముకొని, అక్క చంకలో పిల్లతో మేమూ కంకర కుప్పల దగ్గరికే. ఈ లెక్క ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

పందులకూ తెలిసినట్టుంది. కంకి పాలు పోసుకోగానే కొండ దిగాయి. అవి తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. చేను మధ్యలో పెళ్లివారు పడుకొని లేచినట్టుండేది.

టోపీలు అయిపోయిన రోజు బావ నా వైపు చూశాడు.

"ఏరా బామ్మర్దీ, అందరి గొంతులూ తీస్తావు గదా, తుపాకి గొంతు తీయలేవా?"

ఖాళీ బానలో తల దూర్చి "ఢాం" అని అరిచాను. మంచె మీది కాకులు లేచిపోయాయి. పందులూ నమ్మాయి. తోకలు నిక్కబొడుచుకొని కొండ ఎక్కాయి. కొన్నాళ్లు ఊళ్లో నా పేరు మారిపోయింది, అందరూ నన్ను "బాన తుపాకి" అన్నారు. ఆ తరువాత పందులు ఆలోచించుకున్నాయి. ఢాం అంటోంది కానీ ఎవరూ చావడం లేదే అనుకున్నాయేమో, నేను అరుస్తుంటే తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడేవి. కచేరీ విన్నట్టు.

ఇక లాభం లేదని లైసెన్సు కాగితం మడిచి మొలలో పెట్టుకొని బావ, నేనూ కర్నూలు పోయాం. అక్కడ తుపాకి సామాను అమ్మే అంగడి ఒక ముసలి సాయిబుది. మమ్మల్ని చూడగానే సొరుగులన్నీ బయటికి లాగాడు.

"ఈ సొరుగు సూడు బాబూ, ఆ సొరుగు సూడు. టోపీ యాడన్నా కనపడితే నాకూ ఒగటి ఇచ్చిపో."

"పాతవైనా సరే సాబూ" అన్నాడు బావ.

"పటాలానికే సాలడం ల్యా. పందులకు యాడ తెచ్చేది?"

"పందులకు కాదు సాబూ, మాకే" అన్నాను.

ముసలాయన నవ్వాడు. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకొని మెల్లగా చెప్పాడు. "డోన్‌లో రైలుస్టేషన్ ఎనకాల బెల్లం అమ్మే మనిషుండాడు. అడిగి సూడండి. నేను సెప్పినానని మాత్రం సెప్పాకండి."

బెల్లం అంగడిలో బెల్లం లేదు, ఈగలున్నాయి. ఆ మనిషి మా మాట పూర్తిగా వినకుండానే లోపలికి పోయి నశ్యం డబ్బీ ఒకటి తెచ్చాడు. మూత తీస్తే అడుగున రాగి గిన్నెలు. కొన్ని తళతళమంటున్నాయి, కొన్ని చిలుము పట్టి పచ్చబడ్డాయి. బావ వంగి చూశాడు, చిన్నపిల్లను ఉయ్యాలలో చూసినట్టు.

"ఎంత?"

"ఒగ బస్తా జొన్నలు."

"దుడ్లు ఇస్తామప్పా."

"దుడ్లు నేనేం జేసుకుందు? ఉడకబెడితే సంగటైతాదా? ఈడ రేషను కాడ నిలబడి నిలబడి నా పెండ్లాం కాళ్లు వాసినాయి. జొన్నలు తే, డబ్బీ తీసుకపో."

"పంట కాపాడుకునేదానికి పంటే ఇమ్మంటాండావు" అన్నాను. "పందికీ నీకూ ఏమప్పా తేడా?"

"పంది నీకు డబ్బీ ఇయ్యదు" అన్నాడు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పాం. గాదెలో ఉన్నదే బస్తాకు కాస్త పైన. అక్క పిల్లకు పాలిస్తూ చాలాసేపు గాదె వైపే చూసింది.

"చేను పోతే ఈ బస్తా మటుకు ఎన్నాళ్లొస్తాది? పొండి, ఇచ్చి రాండి. పంటొచ్చేదాకా గంజి తాగుదాం."

బెల్లం అంగడి ముందు బస్తా దింపాక బావ టోపీలు పేల్చి చూపమన్నాడు. ఆ మనిషి ఒక మొద్దుకు మేకు దిగ్గొట్టి, దాని తలమీద ఒక టోపీ పెట్టి సుత్తితో కొట్టాడు. టప్పున పేలింది.

"సూస్తివా?"

బావ డబ్బీ అడుగునుంచి ఒకటి తానే తీశాడు. కొట్టాడు. రాగి నలిగింది, అంతే.

"ఒగటీ అరా అట్లుంటాయిలేప్పా."

మూడోది పేలింది. బావ మళ్లీ చెయ్యి పెట్టబోతే ఆ మనిషి డబ్బీ మీద అరచెయ్యి మూశాడు.

"అన్నీ ఈడనే పేల్చి సూసుకుంటే, మంచివని తెలుస్తాది. మరి ఇంటికేం తీసుకపోతావు?"

అదీ నిజమే. ఎద్దును కొంటే పళ్లు చూస్తాం, కుండను కొంటే వేలితో కొట్టి చూస్తాం. టోపీ మంచిదో కాదో తెలియాలంటే అది పోవాలి. "నువ్వన్నా సెప్పప్పా, మంచివేనా?" అని బావ ఆ మనిషినే అడిగాడు. "నేను మటుకు లోపల దూరి సూసినానా?" అన్నాడాయన. ఆయన మోసగాడో, మాలాంటివాడో, నాకు ఆ రోజు తెలియలేదు.

ఇంటికి చేరాక అక్క డబ్బీ మూత తీసి చూసింది. చూపుడు వేలితో టోపీలను ఒకసారి కదిపింది.

"ఇదేనా? బస్తా జొన్నలకు?"

"ఇదే."

"దంచితే పిండన్నా రాదే" అని, ఆ డబ్బీని తడి తగలకుండా పొయ్యిమీది అటకలో, తన పసుపు కుంకాల పక్కన పెట్టింది.

బావ రోజూ పగలు దాన్ని దింపేవాడు. చాప మీద పోసుకొని, తళతళలాడేవి ఒక పక్కకు, పచ్చబడినవి ఒక పక్కకు ఏరేవాడు. పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు ఒక్కొక్కదాన్ని తిప్పి తిప్పి చూసేవాడు. "బావా, రంగు చూసి చేసుకుంటే ఏమైతాదో అక్కను చూసి కూడా తెలుసుకోకపోతివే" అంటే, అక్క గరిటె విసిరింది. ఆ ఇంట్లో మేము నవ్విన ఆఖరి నవ్వు అదే అనుకుంటాను. గంజి తాగి నవ్వితే కడుపు ఇంకా ఖాళీగా అనిపిస్తుంది, అయినా నవ్వాం.

ఏరిన మంచి టోపీతో మొదటిసారి తుపాకి పేలింది. ఒక పిల్లపంది పడింది, తక్కినవి కొండెక్కాయి. వారం పాటు ఒక్క డెక్క జాడ లేదు. మళ్లీ వచ్చాయి. మళ్లీ పేలింది. చేను కోతకొచ్చింది. కంకులు పచ్చగా, బరువుగా వంగాయి. అక్క కొడవలి నూరుకుంది. ఇంకొక్క రెండు మూడు రోజులు కాపాడితే చాలు.

కోత మొదలుపెట్టాలనుకున్న పొద్దు, వెలుతురు అప్పుడే పరుచుకుంటోంది. చేనికి పై గట్టున బావ తుపాకితో ఉన్నాడు, కింది గట్టున నేను బానతో ఉన్నాను. జొన్న మధ్యలో దంట్లు విరుగుతున్న చప్పుడైంది. బయటికొచ్చింది ఒంటిపంది, మగది, దూడంత ఉంది. కోరలకు జొన్నాకు చుట్టుకొని ఉంది. బావకు, దానికి మధ్య గట్టు తప్ప ఇంకేం లేదు. ఏరి పెట్టుకున్న తళతళలాడే టోపీయే తొడిగి బావ గురి పెట్టాడు. ఇంత దగ్గరైతే గుడ్డివాడికి కూడా గురి తప్పదు.

"టక్" అంది.

అంతే. తలుపు గడియ పడినట్టు.

బావ మొలలోనుంచి ఇంకొక టోపీ తీశాడు. అది వేళ్లలోనుంచి జారి గడ్డిలో పడింది. వంగాడు. వంగకుండా ఉండాల్సింది, పరుగెత్తాల్సింది. బస్తా జొన్నలిచ్చి కొన్నది గడ్డిలో పడితే మా వాళ్లెవరైనా వంగుతారు. పంది మీదికొచ్చింది. నేను బానను నోటికి ఎత్తిపట్టి గొంతు చిరిగేలా "ఢాం, ఢాం" అని అరుస్తూ పరుగెత్తాను. అది నా వైపు తలైనా తిప్పలేదు. బావ తొడను చీల్చి, తన పని అయినట్టు నింపాదిగా కొండ వైపు పోయింది.

బండిలో డోనుకు, అక్కడినుంచి రైల్లో కర్నూలు ఆసుపత్రికి. బండిలో అక్క ఒడిలో తల పెట్టుకొని బావ నన్ను పిలిచాడు.

"ఏరా, తుపాకి కన్నా నీ బాననే నయంరా. అదన్నా ప్రతిసారీ పలికింది."

"పలికి ఏం లాభం బావా, నా మాట ఎవరు వింటారు?"

"మీ అక్క ఇంటాదిలే" అన్నాడు. "చేను కోయించు. నా కోసరం ఆపాకండి" అన్నాడు.

పుండు చీము పట్టింది. ఉన్న మందులన్నీ పటాలానికి పోతున్నాయని ఆసుపత్రిలో చెప్పారు. వాళ్లను తప్పుపట్టలేను, సాయిబు లాగే వాళ్లూ ఖాళీ సొరుగులు చూపించారు. బావను హంద్రీ ఏటి ఒడ్డున దహనం చేసి వచ్చాం.

చేను సగం మిగిలింది. ఆపొద్దన్నాడు కాబట్టి అక్క వచ్చిన మర్నాడే కొడవలి పట్టింది. మేము కోస్తుండగా మునసబు గట్టు మీదికి వచ్చాడు.

"ఏమనుకోవాకమ్మా. లైసెన్సు ఆయన పేరునుండాది. ఆయన ల్యాకపాయె. తుపాకిని పోలీసు స్టేషన్‌లో అప్పజెప్పల్ల. లోపల దట్టించిండేది ఖాళీ చేయించి ఇయ్యండి."

పంది వచ్చిన పొద్దు బావ దట్టించింది ఇంకా గొట్టంలోనే ఉంది. అక్క నన్ను ఇంటికి పంపి తుపాకి, డబ్బీ తెప్పించింది. నేను మూత తీసి చేతికందిన టోపీ తీశాను. బావ చెత్తవని పక్కకు ఏరిన వాటిలోది, పచ్చగా చిలుము పట్టింది. మొలక మీద తొడిగి, గొట్టం కొండకు ఎదురుగా పెట్టి మీట నొక్కాను.

తుపాకి పేలింది. కొండ తిరిగి పలికింది. కోతకు వచ్చిన ఆడవాళ్లు ఉలిక్కిపడి లేచారు. గొట్టంలోనుంచి పొగ వస్తూనే ఉంది, నాకు నవ్వొచ్చింది. పళ్లు బిగించుకున్నాను.

అక్క నా చేతిలోనుంచి డబ్బీ తీసుకొని గట్టు మీద కూర్చుంది. ఒక బండరాయి మీద టోపీ పెట్టి, ఇంకో రాయితో కొట్టింది. టప్పుమంది. ఇంకొకటి పెట్టింది. టప్పుమంది. పిల్ల చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడి ఏడుస్తోంది. అక్క ఆపలేదు. అక్కడొకటి ఇక్కడొకటి మూగగా నలిగాయి. మిగిలినవన్నీ పేలాయి, తళతళలాడేవీ, చిలుము పట్టినవీ. డబ్బీ అడుగు కనబడేదాకా కొట్టింది.

ఆ తరువాత ఖాళీ డబ్బీని బోర్లించి, దులిపి, నా వైపు చూసింది.

"మంచివేరా" అంది. "మీ బావ మంచివే తెచ్చినాడు."

కొడవలి తీసుకొని వరసలోకి పోయి కోయడం మొదలుపెట్టింది. నేను ఆమె పక్క వరసలో వంగాను.