విషువత్తు రోజు కాజీపేట ప్లాట్‌ఫాం

"నాయిన పోయిండు అంకుల్, నిద్రలనే" అని మా భూగోళం సారు కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. ముందుగా గుర్తొచ్చింది, ఎనిమిదో తరగతిలో ఆయన నాకిచ్చి తప్పిన మాట. సముద్రం చూపిస్తానన్నారు. ఆ కోపం అరవై ఏళ్లు మోశాను. ఈ ఫోన్ రెండు నెలల ముందు వచ్చి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ని కాదు.

వరంగల్‌లో మా బడి ఆవరణలో ఆయన కర్ర పాతించారు. దాని నీడ కొస దగ్గర గంటగంటకూ సున్నంతో చుక్క పెట్టాలి. మామూలు రోజుల్లో చుక్కలు కలిపితే వంపు వచ్చేది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజున మాత్రం తిన్నని గీత. "ఏడాదిల రెండు రోజులేరా, సూర్యుడు ఎవ్వల దిక్కు మొగ్గడు" అనేవారు. జవాబు తెలియకపోతే "నాకు తెల్వదు, రేపు చూసి చెప్త" అనేవారు. తర్వాత నేను చూసిన పెద్ద పెద్ద పండితుల నోట ఆ మాట మళ్లీ వినలేదు.

ఆ చలికాలం ఆయనకు రఘునాథపల్లి బదిలీ అయింది. వెళ్తూ నాతో అన్నారు: "వచ్చే విషువత్తుకు బాపట్ల పోదాం. అప్పుడు సముద్రంల పోటు పెద్దగుంటది. పొద్దుగాల కాజీపేట ప్లాట్‌ఫాం మీద ఉండు, నేనస్త."

నేను చూసింది సెప్టెంబరు విషువత్తు ఒక్కటే. తర్వాతది ఎప్పుడని అడగడానికి నామోషీ పడ్డాను. ఇంట్లో మగ్గం మీదున్న చిన్నాయినను అడిగితే, పంచాంగం తిరగేసి, "విషువత్తంటే మేష సంక్రమణం రా, ఏప్రిల్ల. ఫికర్ చేయకు" అన్నాడు.

ఏప్రిల్‌లో ఆ రోజు అమ్మ సద్ది కట్టింది. కాజీపేట ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే నా ముందు నుంచే మూడు బండ్లు పోయాయి. సారు రాలేదు.

రిటైరయ్యాక ఆయన మా వీధి చివరే ఇల్లు కట్టుకున్నారు. నేను పలకరించలేదు. మొన్న వానాకాలంలో దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారని విని, అడగాల్సింది అడిగేద్దామని వెళ్లాను.

"ఆ రోజు ఎందుకు రాలేదు సారూ?"

"నేను రాలేదా? మార్చి ఇరవై ఒకటి, చీకటితోనే అచ్చి పగటీలి బువ్వ యాళ్లదాక కూసున్న. మీ నాయిన అద్దన్నడేమో అనుకొని ఊకున్న."

"ఏప్రిల్ కాదా సారూ? పంచాంగంల..."

ఆయనకు నవ్వుతో పాటే దగ్గు వచ్చింది. "అది నక్షత్రాల లెక్కరా. అసలు విషువత్తు ఎన్నడో ఎనుకకు జరిగి మార్చికి అచ్చింది. కర్ర పాతి చూడకపోతివి?"

ఈ తేడా నాకు తెలియక కాదు. దాని మీద పుస్తకాలే చదివాను. ఆ రోజుకు మాత్రం దాన్ని ఎన్నడూ అన్వయించలేదు. కోపంగా ఉండటమే నాకు సుఖంగా ఉంది.

"ఇంతకు సముద్రం చూసినవా?"

"శానసార్లు చూసిన సారూ. ఒక్కసారి గూడ మంచిగ అనిపియ్యలే."

"ఎడ్డోడా" అని ముద్దుగా తిట్టి నా చెయ్యి పట్టుకున్నారు. వాళ్ల మెట్లు దిగేటప్పుడు ఆ రోజు నా మోకాళ్లు నొప్పి పెట్టలేదు.

ఆయన పోయిన నాలుగో రోజున విషువత్తు పడింది. వాళ్ల వాకిట్లో కర్ర పాతి, పొద్దంతా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మబ్బు పట్టినప్పుడల్లా ఆగి, విడగానే చుక్క పెట్టాను. సారు కూతురు రెండుసార్లు చాయ్ తెచ్చింది. సాయంత్రానికి గీత తిన్నగా వచ్చింది.

సారు మీద ఇక నాకేమీ లేదు. "నాకు తెల్వదు" అన్న ఒక్క మాట అనలేకపోయిన మా చిన్నాయినను మాత్రం, ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఇంకా క్షమించలేదు.