అత్త గీసుకున్న ముగ్గుగీత

మా మేనత్త పోయి ఇవాళ్టికి పదమూడు రోజులు. ఊళ్ళో చావుల పుస్తకం రాసే ఆయన వచ్చి, జబ్బు పేరు ఉండాల్సిన చోట "దగ్గు" అని రాసుకుని వెళ్ళారు. ఆ పేజీలో పై పేర్ల పక్కన కూడా దగ్గనీ జ్వరమనీ ఉంది. అత్తను తీసుకుపోయింది దగ్గు కాదు. అందుకే ఈ నాలుగు మాటలు.

అమ్మ పోయాక నన్నూ తమ్ముళ్ళనూ పెంచింది ఆమే. నాకు యాభై దాటినా ఆమెకు నేను పెద్దగుంటనే, ఇంటి పెద్దపిల్లనే.

కిందటేడు ఆషాఢంలో ఒక ఉదయం. నేను దీపం పెట్టి, ముఖలింగేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి అత్త పొయ్యి దగ్గర చోడి అంబలి, అదే రాగి జావ, కలుపుతోంది. నోట్లో చుట్ట, నిప్పున్న కొస లోపలికి. మా వైపు ఆడవాళ్ళు అలాగే తాగుతారు. అడ్డపొగ అంటారు. ఉడుపు చేలో నాట్లు వేస్తూ రెండు చేతులూ పనిలో ఉన్నా, గాలి కొట్టినా చుట్ట ఆరదు.

"నోరు కాలదా అత్తా?"

"నా నోటికేటవుతాదే పెద్దగుంటా. నీతో కబుర్లాడితే అంబలి మాడిపోతాది."

పెద్ద తమ్ముడి కూతురు, నాలుగేళ్ళది, ఆమె వీపు మీద వేలాడుతోంది. రోజూ అత్త చాపలోనే పడుకునేది. ఆ ఉదయమే అత్త దగ్గులో నెత్తురు జీర కనిపించింది.

పక్క ఊరి కాంపౌండరు క్షయ అన్నాడు. మా వైపు నెత్తురు పడితే ఇంకో పేరు ఎవరికీ తోచదు. సూదులు మొదలయ్యాయి. అత్త కంచం, చెంబు వేరుగా పెట్టింది నేనే. ఆమె తన చాప తనే వెనక వసారాలోకి తీసుకెళ్ళి, గడప దగ్గర ముగ్గుపిండితో గీత గీసుకుంది. రోజూ పొద్దున్నే దాన్ని కొత్తగా వేసేది.

"ఒరే గుంటల్లారా, ఇది దాటితే కాళ్ళిరగ్గొడతాను."

చిన్నది గీతకు ఇవతల కూర్చునేది. "దాటను మామ్మా, కత సెప్పు." అత్త గోడ వైపు మొహం తిప్పుకుని చెప్పేది.

ఎనిమిది నెలలు. సూదులన్నీ అయినా మనిషి కరిగిపోయింది. చివరికి ఆమదాలవలసలో రైలెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఛాతీకి ఎక్స్‌రే ఫోటో తీశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచారు.

"క్షయ కాదమ్మా. ఊపిరితిత్తిలో రాచపుండు, క్యాన్సరు. ఈమధ్య ఎక్కువగానే చూస్తున్నాం. ఈ ఊరివాళ్ళు దగ్గు తగ్గకపోతే నెలకే ఫోటోకి వస్తారు. మీ వైపు వాళ్ళు సూదులన్నీ అయ్యాక వస్తారు. అసలు రాకుండా పోయినవాళ్ళు ఎందరో మాకూ తెలీదు."

"అంటుకుంటుందాండీ?"

"అంటుకోదు."



తిరుగు రైల్లో అత్త అడిగింది. "ఏటన్నాడే డాక్టరు?"

"క్షయ కాదట. అంటుకోదట."

"అయితే సాలు." మిగతాది అడగలేదు.

"కంచం వేరు పెట్టాను కదత్తా."

"పెట్టావు. నానైనా అదే సేద్దును. గుంటలున్న ఇల్లు."

ఇంకో మూడు నెలలు మాతో ఉంది. నా మనసులో మిగిలింది మాత్రం ఇల్లు చేరిన ఆ సాయంత్రమే. తమ్ముళ్ళూ మరదళ్ళూ నేనూ అరుగు మీద కూర్చున్నాం. సూదులు ఆపేద్దామనుకున్నాం. అత్త కంచం మా కంచాల్లో కలిపేద్దామనుకున్నాం. చుట్ట అడిగితే ఇవ్వాలా అన్నాడు చిన్న తమ్ముడు. ఎవరికీ వద్దనబుద్ధి కాలేదు. చిన్నది ఎక్కడ పడుకోవాలన్నది చివరికి వచ్చింది. దాన్నే అడుగుదామని లోపలికి వెళ్ళి చూస్తే, అప్పటికే తన చాప ఈడ్చుకుంటూ వసారాలోకి వెళ్ళిపోయింది. చాప పోయిన మేర ముగ్గుగీత చెరిగి ఉంది.