నార్వే కచేరీ, నాయుడుగారి ఫిర్యాదు

నార్వే నుంచి వచ్చిన ఒక సంగీత విద్వాంసురాలికి "మీ మోటారు సామర్థ్యం ఎన్ని హార్స్‌పవర్లో తెలియజేయగలరు" అని నోటీసు ఇచ్చిన అధికారి పుదుచ్చేరిలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. నా పదవీ విరమణ సభలో కూడా ఈ సంగతి చెప్పుకుని నవ్వారు కాబట్టి, ఇంక దాచుకోవడానికేమీ మిగల్లేదు, రాసుకోవడమే మిగిలింది.

రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, ఒక మార్చి నెలలో, నన్ను శబ్ద కాలుష్య ఫిర్యాదుల విభాగానికి మార్చారు. అంతవరకు మురుగునీటి నమూనాలు చూసినవాణ్ణి. ముక్కుతో చేసే ఉద్యోగం నుంచి చెవితో చేసే ఉద్యోగానికి బదిలీ అయిందని ఇంట్లో చెబితే, మా ఆవిడ కూర తరుగుతూనే, "చేతుల్తో చేసే పని మాత్రం మీకు యెప్పుడూ ఇయ్యరు గదా" అంది.

నా హోదా సహాయ ఇంజినీరు. ఫిర్యాదు అందగానే మీటరు పట్టుకుని వెళ్ళి, శబ్దం ఎక్కడ పుడుతోందో తేల్చి, హద్దు మీరితే నోటీసు ఇవ్వాలి. మా లెక్కలో శబ్దాలు రెండే జాతులు: యంత్రం చేసేది, లౌడ్‌స్పీకరు చేసేది. ఈ రెండింటికీ చెందనిది ఒకటుంటుందని నిబంధనలు రాసినవాళ్ళకు తోచలేదు. నాకూ తోచలేదు.

కొలవడానికి ఒక క్రమం ఉంది. ముందుగా కాలిబ్రేటర్ అనే చిన్న డబ్బాను మీటరు మైకుకు తొడుగుతాం. అది ఒకే స్థాయిలో, ఒకే స్వరంలో కూస్తుంది. మీటరు సరిగా వింటున్నదో లేదో దానితో తెలుస్తుంది. తర్వాత, ఫిర్యాదులో ఉన్న శబ్దాన్ని ఆపించి, అది లేనప్పుడు ఆ చోట ఎంత మోత ఉందో చూడాలి. దీన్ని నేపథ్య శబ్దం అంటాం. అసలు కొలత ఆ పైన. శిక్షణలో ఈ మాట నాకు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ తలూపాను.

ఫిర్యాదు ఇచ్చినాయన ఎస్. వరదరాజులు నాయుడు. మూలకుళంలో సొంత ఇల్లు, బజారులో ఐస్‌క్రీం హోల్‌సేల్ వ్యాపారం. మా ఇళ్ళల్లోలాగే తెలుగు మాట్లాడే కుటుంబం, తరాలుగా ఇక్కడివాళ్ళు. పేరు చూసి నేను తెలుగులో పలకరించగానే ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"పక్కింట్లో దొరసాని ఒకామె మిల్లు పెట్టుండాది సార్. యేం మిల్లో తెలీదు. ఒకటే గుయ్యిమని మూలుగుతా ఉంటాది. నెల దినాలుగా ఇంట్లో నిమ్మది లేదు. మీరొచ్చి ఒకసారి యినండి, మీకే తెలస్తాది."

ఆ సాయంత్రమే వెళ్ళి విన్నాను. నిజమే, మూలుగే. లోతుగా, తెంపు లేకుండా, నడుమ నడుమ కొంచెం లేచి కొంచెం కుంగుతూ. అరిగిపోయిన మోటారు అనిపించింది. పక్కింటి తలుపు తట్టాను. ముందు గదిలో బల్లనిండా నొక్కే గుండీలున్న పెట్టెలు, వాటి మధ్య రంగురంగుల తీగలు, మిణుకుమిణుకుమనే దీపాలు. ముదలియార్‌పేటలో ఇత్తడికి పూత పూసే చిన్న పరిశ్రమలు చాలా చూసి ఉన్నాను. ఇది ఆ కోవలోదే అనుకున్నాను. పొడుగాటి మనిషి ఒకాయన మూల కూర్చుని ట్రంపెట్‌ను నోటి దగ్గర పెట్టుకుని, వాయించకుండా, ఊరికే ఊపిరి పోస్తున్నాడు. పనివాడి విరామం కాబోలు అనుకున్నాను. ఇక్కడ మీరేం తయారు చేస్తారని, తలుపు తీసిన దొరసానిని ఇంగ్లీషులో అడిగాను. శబ్దం తయారు చేస్తామని ఆమె చక్కగా నవ్వి చెప్పింది. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో ఇంత సులువుగా నేరం ఒప్పుకున్నవాళ్ళను నేను చూడలేదు.

నేపథ్య శబ్దం కొలవాలంటే వాళ్ళ యంత్రాన్ని ఆపించాలి. ఆపించాలంటే ఎందుకో ఇంగ్లీషులో వివరించాలి. నేను ఇంటికెళ్ళే నెల్లితోపు బస్సు వచ్చే వేళయింది. అసలు కొలత ఒక్కటే తీసుకుని, మర్నాడు నోటీసు రాశాను: అనుమతి లేకుండా నడుపుతున్న యంత్రాన్ని వెంటనే ఆపవలెను, ఉత్పత్తి వివరములు, మోటారు సామర్థ్యము తెలుపవలెను.

రెండు రోజుల్లో ఆమె మా కార్యాలయానికి వచ్చింది. పేరు ఇంగ్రిడ్. వెంట ఊపిరి పోసిన మనిషి, యోనాస్. నేను తిట్లకు సిద్ధపడ్డాను. ఆమె నోటీసు నా ముందు పరిచి, మోటారు సంగతి నిజంగానే తెలుసుకోవాలని ఉంది, అది ఎక్కడుందో చూపిస్తారా అని అడిగింది. ఎత్తిపొడుపేమో అని మొహం చూశాను. కాదు. కుతూహలమే.

అప్పుడు తెలిసింది వాళ్ళు సంగీతజ్ఞులని. ఒక నెల ఇక్కడ ఉండి సాధన చేసుకుని, వచ్చే ఆదివారం సాయంత్రం అదే గదిలో, ఓ ముప్ఫైమందిని పిలిచి కచేరీ చేసి, తిరిగి వెళ్ళిపోతారు. నోటీసు ప్రకారం ఆపితే కచేరీ లేదు. ఇంత దూరం వచ్చింది అందుకే.

ఆ సంగీతం ఏమిటని అడిగాను. జాజ్ నుంచి బయల్దేరి చాలా దూరం నడిచి వచ్చిన సంగీతమంది. ముందుగా రాసుకున్నది ఏమీ ఉండదు. ఒకరు వాయిస్తుంటే, రెండోవారు ఆ ధ్వనిని ఆ క్షణంలోనే పెట్టెలోకి పట్టుకుని, సాగదీసి, తిరగేసి, వాయిస్తున్న మనిషికే వడ్డిస్తారు. అతను దానికి జవాబు చెప్పాలి. వాళ్ళ దేశంలో ట్రంపెట్ వాయించేవాళ్ళు, ఇలాంటి పెట్టెలు తిప్పేవాళ్ళు ఇరుగుపొరుగుల్లా కలిసిపోయి చాలా కాలమైందట. మన గాయకుడు స్వరకల్పన చేస్తే వయొలిన్ అందుకున్నట్టా అన్నాను. ఉన్న నాలుగు ముక్కల పరిజ్ఞానం అదే. ఆమె సంబరపడి, అవును, కాకపోతే మాకు తాళమూ ఉండకపోవచ్చు, రాగమూ ఉండకపోవచ్చు అంది. మరి తప్పు వాయిస్తే ఎలా తెలుస్తుందన్నాను. యోనాస్ మొదటిసారి నోరు విప్పాడు. తప్పు వాయించడం అంటూ ఉండదనీ, తప్పుగా వినడం మాత్రం ఉంటుందనీ అన్నాడు. చెవి ఉద్యోగం చేసేవాడికి అది కాస్త గట్టిగానే తగిలింది.

మా పై అధికారి మంచివాడే గాని, ఇచ్చిన నోటీసు వెనక్కి తీసుకోవడం అంటే ఆయనకు పళ్ళు పీకించుకోవడమే. మళ్ళీ కొలవండి, ఈసారి పూర్తి క్రమంలో, ఇరుపక్షాల ఎదుట కొలవండి, అప్పుడు చూద్దాం అన్నాడు.

బుధవారం వెళ్ళాను. నాయుడుగారు, ఆయన భార్య అలమేలమ్మ నా వెనకే వచ్చి ఇంగ్రిడ్ గుమ్మంలో నిలబడ్డారు. కాలిబ్రేటర్ తొడిగి మీట నొక్కగానే ఇంగ్రిడ్ చెవులు నిక్కబొడుచుకుంది. ఎంత శుభ్రమైన స్వరం, ఇంకోసారి వినిపిస్తారా అని అడిగింది. వినిపించాను. యోనాస్ దాని పక్కనే ఒక స్వరం పట్టి నిలబెట్టాడు. ప్రభుత్వ పరికరంతో జుగల్బందీ చేసినట్టు నివేదికలో రాయలేదు.

ఇక అన్నీ ఆపమన్నాను. ఇంగ్రిడ్ పెట్టెలన్నీ ఆపింది. దీపాలు ఆరిపోయాయి. యోనాస్ ట్రంపెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు.

మూలుగు మాత్రం ఆగలేదు.

మీటరు చూశాను. అంకె దాదాపు కదల్లేదు. ఇంగ్రిడ్ వైపు చూశాను. ఆమె నాయుడుగారి గోడ చూపించి, అది మా మూడో వాద్యకారుడు, మీకు తెలుసనుకున్నాను అంది.

గోడ అవతల నాయుడుగారి రేకుల షెడ్డు. అందులో కంపెనీ రంగులు వెలిసిపోయిన పాత ఐస్‌క్రీం ఫ్రీజరు. చెయ్యి వేస్తే వణుకు మోచేతి దాకా వచ్చింది. నేనేమీ అనకముందే అలమేలమ్మ అందుకుంది.

"మొదటి దినం నుంచీ చెప్తానే ఉండా, ఇది మన పెట్టే అని. ఈయన నా మాట యిన్నింది యెప్పుడు?"

నాయుడుగారు ఫ్రీజరు వైపు, కూతురు పరీక్ష తప్పిందని తెలిసిన తండ్రిలా చూశాడు. ఏళ్ళ తరబడి అది మెల్లమెల్లగా ముదిరింది, ఆయన చెవి కూడా దానితోపాటే ముదిరింది. పక్కింట్లో దిగిన రోజునే ఈ మూలుగు విన్న ఇంగ్రిడ్, దాన్నే శ్రుతిగా పెట్టుకుని, పెట్టెలతో పట్టి, సాగదీసి, గోడ మీంచి తిరిగి పంపింది. తన సొంత మోత పక్కింటి నుంచి రావడం మొదలయ్యాకే ఆయనకు వినపడింది.

"ఇప్పుడే మెకానిక్కుని పిలస్తా సార్" అన్నాడు నాయుడుగారు. "కాకుంటే పెట్టెనే తీసి పాత సామాన్లోడికి ఇచ్చేస్తా. రేపటికి మీకు చప్పుడే ఉండదు."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే ఇంగ్రిడ్ ముఖం పాలిపోయింది. నెల రోజులుగా ఆ ముగ్గురూ కలిసి సాధన చేశారు. ఆదివారం ముందు ఒకరు పోతే మిగిలేది వాళ్ళ కచేరీ కాదు. రికార్డు చేసి పెట్టుకోవచ్చు కదా అన్నాను. చేశామంది. కాని రికార్డుకు తర్వాత ఏమి జరుగుతుందో ముందే తెలుసు, ఈ ఫ్రీజరుకు తెలియదు. మూలకుళం వోల్టేజి పడితే కుంగుతుంది, మూత తెరిస్తే లేస్తుంది, ఎప్పుడాగుతుందో చెప్పలేం, అందుకే దానితో వాయించాలని ఉంటుంది అంది.

నేను అక్కడే నిలబడి కాసేపు ఆలోచించాను. ఆమెకిచ్చిన నోటీసు రద్దు కావాల్సిందే, మూలం నాయుడుగారిదని తేలింది కాబట్టి నోటీసు ఇప్పుడు ఆయనకు ఇవ్వాలి. మూలం తేలాక ఇచ్చే నమూనా నోటీసులో ఒక వాక్యం ఉంది. ఫ్యాక్టరీవాళ్ళు తనిఖీ ముందు రోజు నూనె పోసి యంత్రాన్ని పిల్లిలా చేసేయకుండా పెట్టిన వాక్యం: తుది కొలత జరిగేవరకు సదరు యంత్రమును మరమ్మతు చేయరాదు, కదపరాదు, యథాతథంగా నడపవలెను. తుది కొలత తేదీ నిర్ణయించేది సహాయ ఇంజినీరు. మంగళవారం అని వేశాను.

"ఆదివారం దాకా యిట్లే యినాల్నా సార్?" అన్నాడు నాయుడుగారు.

మంగళవారం దాకా అన్నాను.

ఆదివారం మా ఆవిడతో వెళ్ళాను. అలమేలమ్మ మా ఆవిడ పక్కన చోటు పట్టుకుంది, నాయుడుగారు రాలేదు. ఇంగ్రిడ్ తల వంచి మొదలు పెట్టమన్నట్టు సైగ చేసింది. ట్రంపెట్‌లోంచి చాలాసేపు స్వరం రాలేదు, ఊపిరి వచ్చింది. ఆమె ఆ ఊపిరిని పట్టుకుని గది నాలుగు మూలలా పరిచింది. గోడ అవతల మాత్రం చడీచప్పుడు లేదు. ఉద్యోగమంతా యంత్రాలు ఆగాలని కోరుకున్నవాణ్ణి, ఒక్కటి మొదలైతే బాగుండునని వేళ్ళు బిగించి కూర్చున్నాను.

ఫ్రీజరు దగ్గినట్టు కదిలి అందుకుంది. యోనాస్ దానికి వెంట్రుకవాసి ఎడంగా ఒక స్వరం పట్టాడు. ఆ రెండింటి నడుమ అలలాంటి ఊగిసలాట ఒకటి పుట్టింది. అది ఇద్దరూ వాయించనిది. వోల్టేజి పడింది, మూలుగు కుంగింది, ట్రంపెట్ కూడా దానితో కుంగింది. అలా ఎంతసేపో. చివరికి ఫ్రీజరు తనంతట తానే ఆగింది. వాళ్ళిద్దరూ అక్కడే ఆపేశారు.

నచ్చిందా అని మా ఆవిడ అడిగింది. సగం అన్నాను. మిగతా సగం కోసం ఇప్పటికీ సాయంత్రాలు ఫోనులో ఆ దేశపు సంగీతం వెతుక్కుని వింటుంటాను. నోరు లేని నార్వే పాటలని మా ఆవిడ పేరు పెట్టింది. ఎక్కువగా అర్థం కాదు. కాని ఇంకో పది నిమిషాలు విందామనిపిస్తుంది.

ఈ వ్యవహారం నేర్పిందొకటే. శబ్దం ఎవరిదో తేల్చే ముందు, అది లేనప్పుడు ఏముందో వినాలి. తర్వాత నేను ఒక్క కొలతలోనూ ఆ మెట్టు దాటవేయలేదు. కొత్తగా చేరినవాళ్ళకు మూడుసార్లు కాదు, దగ్గరుండి చేయించి చెప్పాను.

మంగళవారం తుది కొలత అయింది. మర్నాడు నాయుడుగారు ఫ్రీజరు బాగు చేయించుకున్నాడు. కాని ఫైలు మూయాలంటే ఇరుపక్షాల వాదనా వినాలి, అది చట్టం. మామూలుగా ఇలాంటి చిన్నవాటికి ఆ తంతు ఒక సంతకంతో సరిపెట్టేస్తాం. నేను సరిపెట్టలేదు. నాయుడుగారిని కార్యాలయానికి పిలిపించి, బల్లకు ఎడమవైపు ఫిర్యాదుదారు కుర్చీలో కూర్చోబెట్టి ఫిర్యాదు చెప్పమన్నాను. నెల రోజుల బాధ ఏకరువు పెట్టాడు. అంతా రాసుకున్నాను. తర్వాత, దయచేసి లేచి కుడివైపు ప్రతివాది కుర్చీలోకి మారి జవాబు చెప్పమన్నాను.

ఆయన నన్నొకసారి చూశాడు. లేచాడు, మారాడు, పంచె సర్దుకున్నాడు, ఖాళీ అయిన ఎడమ కుర్చీని కాసేపు కోపంగా చూశాడు.

"తెలీకుండా జరిగిపోయింది సార్. ఫిర్యాదు ఇచ్చినాయన గూడా కొంచెం సర్దుకోని పోయుండొచ్చు గదా?"

యథాతథంగా రాసుకుని, రెండు చోట్లా సంతకం చేయించుకున్నాను.