బాంజో వంతు

మా పాత పక్కింటాయన పోయారని కిందటి మంగళవారం వాళ్ళావిడ ఫోన్ చేసి చెప్పింది. "అలాగా" అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఆపిన బెండకాయలు పూర్తిగా తరిగాను. పాథాలజిస్టుగా ముప్పై ఏళ్ళు పనిచేశాను, చావు కబురుకి ఏమనాలో ఇప్పటికీ తెలీదు. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులతో మాట్లాడడం వేరే డాక్టర్ల పని.

ఇప్పుడు అల్ఫారెట్టాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను గానీ, డెబ్భైల చివర్లో మేము ఇదే జార్జియా రాష్ట్రంలో కొండల దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆయన కార్పెట్ మిల్లులో మెషీన్లు బాగుచేసేవారు. శని ఆదివారాలు బాంజో వాయించేవారు, డప్పుకి పిడీ తీగలూ తగిలించినట్టుండే వాయిద్యం. బాంజో, ఫిడేలు, గిటారు, బేస్, నలుగురి బ్యాండు. వాయిద్యాలు బ్లూగ్రాస్ అనే కొండవాళ్ళ సంగీతానివే, వాయించే తీరు మాత్రం వాళ్ళ తాతలు ఒప్పుకోనిది. మధ్యలో జాజ్ దూరేది, రాక్ దూరేది. పాత వ్యాన్‌లో చుట్టుపక్కల రాష్ట్రాల ఫెస్టివల్స్‌కి తిరిగేవారు. ప్రాక్టీసు వాళ్ళ గరాజ్‌లో, అంటే మా వంటింటి కిటికీ పక్కన.

నలుగురికీ ఒకటే మైకు. వంతు వచ్చినవాడు భుజం ముందుకి పెట్టి మైకు దగ్గరికొస్తాడు, వాయిస్తాడు, తర్వాతివాడికి తగలకుండా వెనక్కి జరుగుతాడు. "ముందుకి రావడం ఎవడైనా చేస్తాడు, డాక్. వెనక్కి జరగడం నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది" అనేవారు. నన్ను డాక్ అని పిలిచేవారు. మా ఆయన ఇంజనీరు కాబట్టి ఆయన్ని ఏమీ పిలిచేవారు కాదు.

ఒక సాయంత్రం మా అమ్మాయి వరండాలో సంగీతం ప్రాక్టీసు చేస్తుంటే నేను తొడ మీద తాళం వేస్తున్నాను. ఆయన కంచె అవతల నించుని చూశారు.

"ఏం లెక్కపెడుతున్నారు?"

"మిశ్రచాపు. మూడూ నాలుగూ, ఏడు."

"ఏడు తర్వాత?"

"మళ్ళీ ఒకటి. ఎనిమిది ఈ తాళంలో లేదు."

వారం తిరక్కుండా గరాజ్‌లోంచి ఏడు దెబ్బల పాట ఒకటి వినిపించింది. చెప్పకేం, బాగుంది. నేను మాత్రం "ఇడ్లీకి కెచప్ నంజుకున్నట్టుంది" అన్నాను. ఆయన సంతోషించారు. కెచప్ ఆయనకిష్టం.

ఎనభైల మొదట్లో ఒక వేసవి ఫెస్టివల్‌లో ఆ పాట వాయించారు. స్టేజి ముందు చెక్కపలక మీద ఒక ముసలి జంట బూట్లు టకటకలాడిస్తూ డాన్స్ చేస్తోంది. ఫిడేలాయన అమ్మానాన్నలు. ఏడు రాగానే వాళ్ళ అడుగులు తప్పాయి. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ తప్పాయి. ముసలావిడ మొగుడి చెయ్యి పట్టుకుని పలక దిగిపోయింది. ఆ వెనకే జనం కుర్చీలు మడవసాగారు.

"మా అమ్మ కాళ్ళకి అందని పాట నాకొద్దు" అని ఫిడేలాయన పెట్టె సర్దుకున్నారు.

"ఇంకొకటి కలిపి ఎనిమిది చెయ్యండి, గొడవ వదిలిపోతుంది" అని పక్కింటాయనకి నేనే చెప్పాను.

"ఒకటి కలిపితే అది వేరే పాట, డాక్."

ఫిడేలాయన మళ్ళీ రాలేదు. మిగిలిన ముగ్గురూ ఒక క్యాసెట్ చేశారు. ఆ పాటలో ఫిడేలు వంతు దగ్గర ఎవరూ ఏమీ వాయించరు, వెనక తాళం ఒక్కటే నడుస్తుంది. క్యాసెట్ పాడైందనుకుని ప్లేయర్‌ని రెండు బాదాను. తర్వాత పక్కింటాయన్ని అడిగితే "అది వాడి చోటు" అన్నారు. ఎనభైలు అయిపోకముందే బ్యాండు అయిపోయింది.

"నా ఏడు వల్లే కదా?" అని ఒకసారి అడిగాను.

"అంత గొప్ప మీకెందుకు? మా బ్యాండు పాడుచేసుకోవడం మాకు సొంతంగానే వచ్చు."

నవ్వాను గానీ నమ్మలేదు. ఇన్నేళ్ళూ నమ్మలేదు.

శనివారం ఆయన అంత్యక్రియలకి చర్చికి మా మనవరాలు డ్రైవ్ చేసింది.

"అమ్మమ్మా, ఆర్ యూ ఓకే? టిష్యూస్ కావాలా?"

"వద్దు. రోడ్డు చూడు."

నిజంగానే అవసరం పడలేదు. పన్ను పీకే ముందు ఇచ్చే ఇంజెక్షన్ ఒళ్ళంతా ఇచ్చినట్టుంది.

చర్చిలో ముందు ఒకటే మైకు. గిటారాయన, బేస్ ఆయన, పక్కన తల పూర్తిగా నెరిసిన మనిషి. చేతిలో ఫిడేలు చూశాక గానీ గుర్తుపట్టలేదు. మొదలుపెట్టారు. ఏడే. వంతు రాగానే ఫిడేలాయన భుజం ముందుకి పెట్టి వచ్చి వాయించారు. ఒక్క దెబ్బ తప్పలేదు. ఒక్క రోజులో వచ్చే లెక్క కాదది. ఎక్కడో ఒంటరిగా సాధన చేస్తూనే ఉన్నట్టున్నారు.

తర్వాతది బాంజో వంతు. ఫిడేలాయన ఎవరికీ తగలకుండా వెనక్కి జరిగారు. మిగతా ఇద్దరూ కూడా జరిగారు. మైకు ముందు ఒక మనిషి పట్టేంత చోటు. తాళం ఒక్కటే నడుస్తోంది.

మనవరాలు నా ఒళ్ళోకి చూస్తోంది. నేనూ చూశాను. నా చెయ్యి తొడ మీద లెక్కపెడుతోంది. మూడూ, నాలుగూ. మళ్ళీ ఒకటి.