రెండు సీట్ల బండి, ముగ్గురి బరువు

దెయ్యాల మాట ఎత్తితే మా నాన్న నవ్వరు, తిట్టరు. "ప్రార్థన చేసుకుని పడుకో" అంటారు, అంతే. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని. పుస్తకాల్లో అయితే ఆ కథలు ఆశగా చదువుతాను గానీ, పుస్తకం మూశాక భయపడిన గుర్తు లేదు. చనిపోయినవాళ్లు మన మధ్య ఉంటారని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తాను.

మాది యానాం. అక్క అత్తవారిల్లు కూడా ఎంతో దూరం కాదు, మెట్టకూరు. మా బావకు ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చేపల పడవలకీ, రొయ్యల చెరువులకీ ఐసు దిమ్మలు వేసేవారు. మనిషి భారీ, వంద కిలోలు ఉండేవారు. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి, కారు.

దెబ్బతిన్న స్పోర్ట్స్ కారు ఒకటి హైదరాబాదులో కొని, లారీ మీద ఎక్కించి తెచ్చుకుని, ఫ్యాక్టరీ వెనక షెడ్డులో తనే బాగుచేసుకున్నారు. ముదురు నీలం రంగు, యానాం బళ్లకుండే పీవై నంబరు, రెండే సీట్లు. అందులో కూర్చుంటే నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. అక్క దానికి "నా సవతి" అని పేరు పెట్టింది. ఒక్కసారి కూడా ఎక్కలేదు.

బావ స్నేహితుడు ప్రకాష్ అన్నయ్యకు కూడా వేగంగా పోయే కారు ఉంది. ఆయన సన్నంగా ఉంటారు. ఆదివారం తెల్లవారాక, మేము చర్చికి బయలుదేరేలోపు, ఇద్దరూ తమ కార్లు తీసుకుని కొబ్బరితోటలు కొట్టి వేసిన ఒక లేఅవుటుకు వెళ్లేవారు. అక్కడ ఇళ్లు లేవు, మనుషులు లేరు. తిన్నగా పోయే తారురోడ్డు మాత్రం ఉంది. నిలబడిన బండి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ఫోనులో కొలిచేవారు. దాన్ని వాళ్లు 'జీరో టు హండ్రెడ్' అనేవారు.

ఆ కొలతకు వాళ్లకు చాలా పట్టింపులుండేవి. గోదారి గాలి ఒక వైపు తోస్తుంది కాబట్టి అటొకసారి, ఇటొకసారి పరుగు తీయాలి. ఏసీ కట్టేయాలి. పెట్రోలు సగం ట్యాంకే ఉండాలి. కంపెనీవాళ్లు చెప్పే అంకెలో బండి ఒక అడుగు దొర్లాక లెక్క మొదలవుతుందట. అది మా వాళ్లు ఒప్పుకునేవారు కాదు. "అడుగు దాటాక మొదలెడితే ఎద్దుబండి కూడా రేసు కారేరా" అనేవారు బావ.

నడిపేవాళ్లు ఫోను చూడకూడదు కాబట్టి పక్కన ఇంకొకరు పట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో అందరికంటే తేలికైనదాన్ని, అరవనిదాన్ని నేనే. "మరదలా, వచ్చి కూకో. నువ్వెక్కినట్టు బండికి తెలీనే తెలీదు" అనేవారు బావ. నలుగురిలో నోరు విప్పడానికి భయపడే నన్ను ఎవరైనా దేనికైనా ఏరికోరి పిలిచారంటే అది ఆ పనికే. అందుకే నిద్ర మానుకుని వెళ్లేదాన్ని. ఇంటికొచ్చి ఆ అంకెలు డైరీలో రాసుకునేదాన్ని.

మనుషుల బరువులు వేరు కాబట్టి రెండు బళ్లనూ పోల్చడం న్యాయం కాదని ఒకసారి తగువొచ్చింది. బావకు అందుబాటులో ఉన్నది ఐసే. ఒక దిమ్మను గోనెసంచిలో చుట్టి ప్రకాష్ అన్నయ్య డిక్కీలో పెట్టించారు. రెండో పరుగుకి ఆయన బండి తొందరగా అందుకుంది. దిగి చూస్తే డిక్కీ కింద నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఒరేయ్ ప్రకాషూ, నీ బండి ఏడుత్తందిరా!"

"ఏడవదా మరి? నీ బరువు మొయ్యమంటే ఎవరైనా ఏడుత్తారు."

ఆ రోజు నవ్వీ నవ్వీ నాకు పొట్ట నొప్పి వచ్చింది.

ఆ తర్వాత ఇసుక బస్తాలతో సరిగ్గా కొలిచి, బావ బండిలో యాభై కిలోలు పెరిగితే సెకనులో పదో వంతులు మూడు పోతాయని ప్రకాష్ అన్నయ్య లెక్క తేల్చారు. ఆ బండిని బావ నడిపి పక్కన నేను కూర్చుంటే ఆరూ పాయింట్ ఎనిమిది. ప్రకాష్ అన్నయ్య నడిపితే ఆరూ పాయింట్ ఐదు. ఎన్నిసార్లు కొలిచినా దానికి అటూ ఇటూగానే వచ్చేది.

నిరుడు బావ పోయారు. ఫ్యాక్టరీలో కూర్చుని కాఫీ తాగుతూ, గుండె ఆగి.

అక్క ఏడవలేదు. అన్నం పెడితే తినేది, పిలిస్తే పలికేది. మాటలు మాత్రం లేవు. ఏది కావాలో, ఏది వద్దో చెప్పడమే మానేసింది. ఫ్యాక్టరీ సంగతి వాళ్ల మామగారు చూసుకున్నారు. నెలలు అలా గడిచాక ఒక రోజు భోజనాల దగ్గర తల ఎత్తకుండానే అంది: "ఆ బండి నాకొద్దు. అమ్మేయండి."

మామగారు ఒప్పుకోలేదు. వాడి గుర్తు అన్నారు. అక్క అదే మాట మళ్లీ అంది. చివరికి ఆయన, "ఒక్కసారి చూడండి. బేరం కుదిరిందా, సరే. కుదరలేదా, బండి షెడ్డులోనే ఉంటాది. మళ్లీ ఆ ఊసెత్తకూడదు" అన్నారు. అక్క సరేనంది. ఆ బేరం ఎలాగైనా కుదరాలని నేను ప్రార్థన చేసుకున్నాను. బండి గురించి కాదు. అక్క ఇన్నాళ్లకు ఒకటి అడిగింది, అందుకు.

రాజమండ్రి నుంచి ఒకాయన వచ్చారు. మర్యాదస్తుడు. బండి చూసి ముచ్చటపడ్డారు. ఇంజను బాగుందని నమ్మడానికి పరుగు ఒక్కటి చూపించమన్నారు. అందరం ఆదివారం పొద్దున లేఅవుటుకు వెళ్లాం. సంతకాలు పెట్టాలి కాబట్టి అక్క కాగితాలు తీసుకుని ఆటోలో వచ్చి, దిగకుండా అందులోనే కూర్చుంది.

ప్రకాష్ అన్నయ్య నడిపారు. నేను ఫోను పట్టుకున్నాను. ఆరూ పాయింట్ ఐదు రావాలి. ఏడూ పాయింట్ ఒకటి వచ్చింది. ఎప్పటిలా నా వీపు సీటుకి అతుక్కోలేదు. తిరుగు పరుగులోనూ అదే.

టైర్లలో గాలి చూశారు. సరిగానే ఉంది. ఫోను మార్చారు. అదే. ప్రకాష్ అన్నయ్య తన బండి తీసి పరుగెత్తించారు. దాని అంకె దానికి ఎప్పటిలాగే వచ్చింది. అంటే తప్పు రోడ్డుది కాదు, ఫోనుదీ కాదు. కొనడానికి వచ్చినాయన నన్ను దింపేసి ఒక్కరే నడిపి చూశారు. అప్పుడూ అంతే మందంగా వచ్చింది.

"ఇంజను శబ్దం బాగుందండీ, క్లచ్ జారట్లేదు. ఎవరినో ఎక్కించుకున్నట్టు పోతంది" అన్నారాయన.

ఆ మాటకి ప్రకాష్ అన్నయ్య మొహం మారింది. లేఅవుటు పక్కనే రైసుమిల్లు కాటా ఉంది, లారీలు తూచేది. తనూ నేనూ కూర్చుని ఉండగానే బండిని దాని మీదకు ఎక్కించారు. ఎంత ఉండాలో అంతే ఉంది. ఒక్క కిలో ఎక్కువ లేదు.

ఆయన నాతోనే, మెల్లగా అన్నారు: "పదో వంతులు ఆరు పోయాయమ్మా. అంటే వంద కిలోలు."

నేను అనుకున్నదే ఆయనా అనుకుంటున్నారని తెలిసింది.

కొనడానికి వచ్చినాయన ఇబ్బంది పడుతూ అక్క దగ్గరికి వెళ్లి, ఏదో లోపం ఉన్నట్టుందనీ, ఆలోచించుకుని చెబుతాననీ అన్నారు. అక్క ఏం జరిగిందో నన్ను అడిగింది. చెప్పాను. వంద కిలోల లెక్క కూడా చెప్పాను. అక్క ఆటో దిగింది. చీర కొంగు నడుముకి దోపుకుని, నా చేతిలోని ఫోను తీసుకుని, నీలం బండి తలుపు తీసి, నేను కూర్చునే సీట్లో కూర్చుంది.

"పోనీ ప్రకాషూ."

"వదినా, నీకు భయం కదా."

"పోనిమ్మన్నానా?"

నేను మొదటిసారి ఆ పరుగు బయట నుంచి చూశాను. బండి కదిలే ముందు అద్దంలోంచి అక్క మొహం కనిపించింది. పెదవులు కదులుతున్నాయి. చూపు ప్రకాష్ అన్నయ్య వైపు లేదు.

నాకంటే అక్క బరువు కాబట్టి లెక్క ప్రకారం ఆరూ పాయింట్ ఆరు రావాలి. సరిగ్గా అంతే వచ్చింది. తిరుగు పరుగులోనూ వచ్చింది. కొనడానికి వచ్చినాయన నమ్మలేక నన్ను మళ్లీ కూర్చోబెట్టారు. ఆరూ పాయింట్ ఐదు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, బావ రోజుల్లోలాగే.

బేరం కుదిరింది. ఆయన బండి అక్కడి నుంచే తీసుకెళ్లిపోయారు. మొదట ఇంజను వేడెక్కలేదేమో అని తర్వాత చాలామంది అన్నారు. కానీ అంతకుముందు ఎన్ని పరుగులు తీశామని! బ్రేకు ఎక్కడైనా పట్టేసి తర్వాత వదిలిందేమో అని ప్రకాష్ అన్నయ్యే ఒకసారి అన్నారు. "అలాగైతే చక్రం కాలిపోవాలి, నేను చెయ్యి పెట్టి చూశానుగా" అని తనే కొట్టేశారు. ప్రతి పదో వంతుకీ కారణం చెప్పగలిగే మనిషి ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అక్కను అడిగాను, బండిలో ఏమన్నావని.

"ఇచ్చేత్తన్నానండీ, ఇంక దిగండి అన్నాను. అంతే."

"బావే అని నీకెలా తెలుసే?"

అక్క నా వైపు అదోలా చూసింది. "మీరేగా లెక్కలేసి చెప్పారు, వంద కిలోలని. వంద కిలోలు మనింట్లో ఇంకెవరున్నారే?"

అని నవ్వబోయి, ఏడ్చింది. బావ పోయాక అదే మొదటిసారి. మెట్టకూరు వచ్చేదాకా ఆగలేదు. ఎవరూ చెప్పకుండానే ఆటో అతను మెల్లగా నడిపాడు.

ఇప్పుడు అక్క ఫ్యాక్టరీకి వెళ్తోంది. ఐసు తక్కువ తూగిందని గొడవకు దిగే పడవలవాళ్లకు గట్టిగానే సమాధానం చెబుతోంది. ఆ రోజు కాటా మీద కనిపించని బరువు రోడ్డు మీద ఎలా కనిపించిందో, ఒక్క మాటతో ఎలా పోయిందో నాకు ఈనాటికీ తెలియదు. మా లెక్కలో తప్పు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే ఒప్పుకుంటాను. అక్కకు మాత్రం చెప్పను.